పండరి కట్టిన బోర్డు, నా కింది పళ్లు

ఫిబ్రవరి ఆరో తారీఖు, గురువారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, హనుమకొండలో ఒక పళ్ల దవాఖానలో కుర్చీ మీద వెల్లకిలా పడుకుని, నేను డాక్టరు గారి పనిముట్టును కొరికాను.

కొరకాలని కొరకలేదు. గార తీసే మిషనుతో పై వరస పని పూర్తయింది. కింది వరస మొదలుపెడదామని డాక్టరు రాంప్రసాద్ గారు పనిముట్టును నా నోట్లో పెట్టగానే, పక్కనున్న మిషను డబ్బాలోంచి టప్పుమని చప్పుడు, వెంటనే కాలిన వాసన వచ్చాయి. నోరు తనంతట తాను మూసుకుంది. పనిముట్టు మెడకున్న ప్లాస్టిక్ తొడుగు నిలువునా చిట్లింది. నా పళ్లకేమీ కాలేదని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. మొదటిసారి చెప్పినంత సంతోషంగా రెండోసారి చెప్పలేదు.

మిషను మళ్లీ లేవలేదు. మిగిలింది చేత్తో గీకి తీస్తానని ఆయన కొక్కెం లాంటి ఇనప పుల్ల ఒకటి చూపించారు. వద్దన్నాను. నాకు యాభై మూడేళ్లు, ఇంటర్మీడియట్ పిల్లలకు కామర్సు చెబుతాను, అయినా వద్దన్నాను. దాంతో పై పళ్లు కొత్తగా సున్నం వేసిన గోడలా, కింది పళ్లు ఆ గోడ కింద పాత అరుగులా మిగిలిపోయాయి. ఇంటికి పోయి నవ్వి చూపిస్తే మా ఆవిడ రాజశ్రీ కాసేపు పరీక్షగా చూసి తీర్పు చెప్పింది. "పైన పెండ్లికొడుకు, కింద పెండ్లికొడుకు తాత."

మర్నాడు మా ప్రిన్సిపాల్ గారి రిటైర్మెంట్ సభ. ముఖ్య వక్తను నేనే. కింది పెదవిని పైకి లాక్కుని పది నిమిషాలు మాట్లాడాను. నేను ఏడుపు ఆపుకుంటున్నాననుకుని ప్రిన్సిపాల్ గారు లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. ఆయనకూ నాకూ పన్నెండేళ్లుగా మాటల్లేవు.

సరే, నా పళ్ల గొడవ అలా ఉంచండి. నేను చెప్పదలుచుకున్నది పండరి గురించి. అతన్ని మొదటిసారి చూసింది ఆ గురువారమే, అదే కుర్చీలోంచి, నోట్లో దూది కుక్కుకుని.

డాక్టరు గారు ఫోన్ చేసిన పావుగంటకు మోపెడ్ దిగి వచ్చాడు. యాభై ఆరేళ్ల సన్నటి మనిషి, గళ్ల చొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు. ముందు పళ్లు రెండింటి మధ్య చిన్న గంటు. నేత పనిలో ఏళ్ల తరబడి దారం కొరికిన పళ్లకు అలా గంటు పడుతుంది. కొత్తవాడలో ఇరవై ఆరేళ్లు మరమగ్గాల మధ్య నిలబడ్డాడు. ఆ మగ్గాల మోతకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. ఎవరు మాట్లాడినా అతని చూపు వాళ్ల పెదాల మీద ఉంటుంది.

నాకేమో పెదాలు కలిపే వీలు లేదు. "ఆ... ఆ..." అన్నాను.

పండరి నా కళ్లలోకి చూశాడు. "డాక్టర్ సాబ్, సారుకు దూది గొంతుల గుచ్చుకుంటాంది. జర తియ్యుండ్రి" అన్నాడు.

నేను అన్నది సరిగ్గా అదే. చెవులున్న ఇద్దరు నర్సులు అప్పటికి అయిదు నిమిషాలుగా నన్ను "నీళ్లు కావాల్నా సార్" అని అడుగుతున్నారు.

పండరి మిషను డబ్బా విప్పి, ముందు ముక్కుతో చూశాడు. తర్వాతే కళ్లతో. "సర్క్యూట్ మొత్తం బొగ్గయింది సార్. పనిముట్టు లోపల వణికే బిళ్లలు మంచిగనే ఉన్నయి. వాటికి కరెంటు పంపే బోర్డు పోయింది."

డాక్టరు గారు కంపెనీకి ఫోన్ చేశారు. ఆ మోడలు తయారీ ఆగిపోయింది, బోర్డు దొరకదు, కొత్త మిషను కావాలంటే ఆరువారాలు పడుతుందన్నారు. దవాఖానలో ఉన్న రెండో మిషను అప్పటికే నెలరోజులుగా హైదరాబాద్‌లో రిపేరులో ఉంది. ఇక్కడే అసలు చిక్కు. పై ఆదివారం కాక ఆ పై ఆదివారం ఏటూరునాగారం దగ్గర ఒక బడిలో డాక్టరు గారు ఉచిత పళ్ల శిబిరం పెట్టుకున్నారు. చుట్టుపక్కల అయిదూళ్లకు కబురు వెళ్లిపోయింది.

"చేత్తో గీకితే రోజంత కూచున్నా పదిమందికి కాదు. యాభైమంది వస్తరు. ఎట్ల?" అని ఆయన తల పట్టుకున్నారు.

"నేను కట్టాల్నా?" అన్నాడు పండరి.

"ఏంది?"

"బోర్డు. కొత్తది. నేను కడ్త."

డాక్టరు గారు అతని వంక చూశారు. అంతవరకూ పండరి ఆ దవాఖానలో చేసింది కుర్చీ లైటు మార్చడం, ఇన్వర్టరు చూడటం. "పండరన్నా, గిది టేప్‌రికార్డర్ కాదు. మనుషుల నోట్ల పెట్టేది" అన్నారు.

"ముందుగాల్ల నా నోట్ల పెట్టుకుంట సార్. మీరు చూసినంకనే ఎవరికైనా."

నేను కుర్చీలోంచి "ఊ" అన్నాను. ఆ "ఊ"కు ఒప్పుకుంటున్నాననే అర్థం తీసుకున్నారు. నిజానికి నాకు లాలాజలం పొరబోయింది.

నాలుగు రోజులు ఓపిక పట్టాను. అయిదో రోజు సాయంత్రం, కాలేజీ నుంచి నేరుగా కొత్తవాడ వెళ్లాను. నా కింది వరస భవిష్యత్తు ఏ దశలో ఉందో చూడాలి కదా.

పండరి ఇంట్లో ముందుగది ఒకప్పుడు రెండు మరమగ్గాల షెడ్డు. మగ్గాలు తుక్కు కింద పోయాయి. నేల మీద వాటి కాళ్లు నిలిచిన గుంతలు ఉన్నాయి. మగ్గం దూలాన్ని బల్లగా వేసుకుని దాని మీద పండరి పని చేస్తున్నాడు. బల్ల మీద విప్పదీసిన కళ్లద్దాలు కడిగే తొట్టి, కంసాలి వాళ్ల నగలు కడిగే తొట్టి, సంచులు కుట్టే మిషను తల ఒకటి. దారం లేకుండా, సూది లేకుండా, ఒట్టి వణుకుతోనే బట్టను అతికించే మిషనది. అన్నీ ఒకే జాతి వస్తువులు. అన్నిట్లోనూ చెవికందనంత వేగంగా వణికే బిళ్లలుంటాయి. మగ్గాలు ఆగిపోయాక ఆరేడేళ్లుగా పండరి వీటి చుట్టూ తిరుగుతున్నాడు. అయితే ఊళ్లో ఎవరూ అతన్ని పెద్దగా నమ్మలేదు. తొట్టి పాడైతే పారేస్తారు, మరీ ఖరీదుదైతే హైదరాబాద్ పంపుతారు, పండరికి ఇచ్చేది మాత్రం ఏమైనా ఫరవాలేదనుకున్నప్పుడే.

అతని భార్య పద్మ నాకు చాయ్ ఇస్తూ చెప్పింది. "పొద్దటి సంది మూడు పార్టులు కాలబెట్టిండు సారూ. నేను వంటింట్ల నుంచే వాసన చూసి చెప్త, చిన్నది కాలిందా, పెద్దది కాలిందా అని."

గుమ్మం పక్క కుర్చీలో పద్మ అన్న యాకయ్య కూర్చుని ఉన్నాడు. బొద్దు మనిషి, గొంతు పెద్దది. పండరి కోసం ఎప్పుడూ గట్టిగా మాట్లాడి మాట్లాడి ఇప్పుడు అందరితోనూ అలాగే మాట్లాడుతున్నాడు. ఆయన నాకు సంగతి విప్పి చెప్పాడు, వీధి చివరి వరకూ వినపడేలా. తెలిసిన ఫంక్షన్ హాల్లో గేటు దగ్గర వాచ్‌మన్ కొలువు ఖాళీగా ఉంది. ఓనరుతో మాట్లాడాడు. ఆదివారం సాయంత్రం అయిదింటికి పండరి గేటు దగ్గరికొచ్చి కనిపిస్తే, సోమవారం నుంచి డ్యూటీ.

"ఆదివారమా? అదే కదా శిబిరం రోజు" అన్నాను.

"గదే సారూ నా లొల్లి! కుర్సీల కూసునుడు, కారొస్తే గేటు తీసుడు, గంతే పని. ఇది ఇడ్సిపెట్టి ఈ మనిషి అడివిల పళ్లు తోమపోతనంటాండు."

"నేను తోమ బావా. డాక్టర్ సారు తోముతడు" అన్నాడు పండరి తల ఎత్తకుండా.

"చెవులు ఇనపడనోడు సప్పుడు మిషిన్లు బాగుచేస్తనంటే ఎవడు నమ్ముతడు, చెప్పు!"

అప్పుడు తల ఎత్తాడు. "ఈ సప్పుడు నీకు గూడ ఇనపడది బావా. డాక్టర్ సాబ్‌కు గూడ ఇనపడది. గీ ఒక్క పనిల మనందరం సమానం."

యాకయ్య సాక్ష్యం చెప్పమన్నట్టు నా వంక చూశాడు. నోరు తెరిస్తే కింది పళ్లు కనిపిస్తాయని చాయ్ తాగాను.

"ఒక మాట ఇస్తాన బావా" అన్నాడు పండరి మెల్లగా. "ఆదివారం ఆడ నా బోర్డు నడిస్తే నా బల్ల నాకు. నడ్వకుంటే మధ్యాన్నం రెండు గంటల బస్సెక్కి అయిదింటికల్ల నీ గేటు కాడుంట. ఇగ ఈ బల్ల ముట్ట."

పద్మ చాయ్ గ్లాసులు తీసుకుంటున్నది ఆగిపోయింది. ఆమె ఏ పక్షమో నాకు ముఖంలో కనిపించలేదు. కాని పోతూ పోతూ బల్ల మీద జారిపోబోతున్న చిన్న నట్టును వేలితో లోపలికి తోసింది.

యాకయ్య వెళ్లాక బోర్డు సంగతి అడిగాను. పండరి ఉషారుగా స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. అడిగినవాడు దొరకడం అరుదు అనుకుంటా.

"బీము తెల్సుగద సారూ? పడుగు నూలంత చుట్టిన పెద్ద దూలం. ఇద్దరు భుజాల మీద మోస్తరు. ముందటోడు అడుగేస్తే ఎనకటోడు గదే అడుగెయ్యాలె. అడుగు తప్పిందో, బీము ఊగుతది, ఇద్దరు పడ్తరు. దీంట్ల ఓల్టేజి ముందటోడు, కరెంటు ఎనకటోడు. ఇద్దరు ఒక్కతీరు నడిస్తేనే బిళ్ల మంచిగ ఊగుతది."

ఆ పింగాణీ బిళ్లలు సెకనుకు ఇరవై ఎనిమిది వేల సార్లు ఉబ్బి ముడుచుకుంటాయట. ప్రతి బిళ్లకూ తనదైన ఒక వేగం ఉంటుంది. సరిగ్గా ఆ వేగంతో కరెంటు అందిస్తేనే కదులుతుంది. కొంచెం అటూ ఇటూ అయితే మూతి ముడుచుకుని కూర్చుంటుంది. పైగా ఆ వేగం నిలకడగా ఉండదు. బిళ్ల వేడెక్కినా మారుతుంది, పంటికి ఒత్తినా మారుతుంది. పాత బోర్డుకు ఆ సంగతి పట్టదు, ఒకే లెక్కలో కొడుతూ పోతుంది, చివరికి తానే కాలిపోతుంది. పండరి కడుతున్న బోర్డు మాత్రం ప్రతి అడుగునూ చూసుకుంటుంది. అడుగు తప్పితే కాస్త ముందుకో వెనక్కో జరిగి మళ్లీ కలుపుకుంటుంది.

"చూడుండ్రి. ఎర్రలైటంటే ఎతుకుతాంది. పచ్చలైటంటే దొరికింది."

నా పనిముట్టును, అంటే నేను కొరికిన పనిముట్టును, బోర్డుకు తగిలించాడు. ఎడమ బొటనవేలి గోరు మీద ఒక నీటి చుక్క వేసుకున్నాడు. కాలితో పెడలు నొక్కి, పనిముట్టు కొసను చుక్కకు ఆనించాడు. ఎర్రలైటు. ఏమీ లేదు. చుక్క చుక్కలాగే ఉంది. పండరి చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పాడు. ఇంకో వెంట్రుకవాసి.

పచ్చలైటు!

గోరు మీది చుక్క ఒక్కసారి వణికి, పొగమంచులా గాల్లోకి లేచిపోయింది. చప్పుడు లేదు. మంట లేదు. చుక్క ఉన్నచోట లేదు, అంతే. గది మసక వెలుతురులో ఆ తుంపర తెల్లగా ఒక క్షణం నిలిచింది.

"అబ్బా!" అని ఎగిరి చప్పట్లు కొట్టాను. నా మోచేయి తగిలి నట్లు, స్క్రూలు ఉన్న పళ్లెం నేల మీద పడింది. ఆ తర్వాత నలభై నిమిషాలు మేమిద్దరం మగ్గం గుంతల్లో చేతులు పెట్టి వెతికాం. పద్మ టార్చి పట్టుకుంది. చివరికి ఆమె "సారూ, రేపటి సంది చప్పట్లు బయట నిలబడి కొట్టుండ్రి" అంది.

చిట్లిన తొడుగు గురించి నేనే ఒప్పుకున్నాను. పండరి దాన్ని చూసి, నా పళ్ల వంక చూసి, నవ్వు మింగి, గంజి పెట్టిన నూలు పోగు తీశాడు. చిట్లిన మెడ చుట్టూ ఒత్తుగా చుట్టి, నేతవాళ్ల ముడి వేసి, కొసను ముందు పళ్ల గంటులో పెట్టి పుటుక్కున తెంపాడు. ముడి ఎక్కడుందో కనపడలేదు. "కంపెనీవాడు కూడా ఇంత అందంగా కట్టలేడు" అని మెచ్చుకున్నాను. ఆ మాట తర్వాత నాకు చాలా రోజులు గుర్తుంది.

శనివారం దవాఖానలో పరీక్ష. డాక్టరు గారు తనే మీటరు పట్టుకుని, కొసలోకి కరెంటు ఏమాత్రం రావడం లేదని మూడుసార్లు చూసుకున్నారు. పండరి కుర్చీలో పడుకుని నోరు తెరిచాడు. అయిదు నిమిషాలు పచ్చలైటు ఆరలేదు. "బాగుందన్నా. మంచిగ పట్టుకుంటాంది" అన్నారు డాక్టరు గారు. ఆ వెంటనే అతని ముందు పళ్ల గంటు చూసి, దారం కొరకడం మానమని పది నిమిషాలు చివాట్లు పెట్టారు. పండరి ఆయన పెదాల వంక కాక పచ్చలైటు వంక చూస్తున్నాడు కాబట్టి ఒక్క ముక్కా వినలేదు.

"మరి నా కింది వరస?" అన్నాను.

"మీ చేతిరాత బాగుంటదట గద సార్? శిబిరంల పేర్లు రాయుండ్రి. అందరివి అయినంక ఆడనే మీది గూడ పూర్తి చేస్త."

ఆ విధంగా ఆదివారం పొద్దున డాక్టరు గారి కారులో ముందు సీటులో నేను, వెనక సీటులో ఒక నర్సు పక్కన, ఒళ్లో డబ్బా పెట్టుకుని పండరి. ములుగు దాటాక చాయ్ తాగడానికి ఆపితే అతను డబ్బాతో సహా దిగి, డబ్బాతో సహా ఎక్కాడు.

బడి వరండాలో అప్పటికే జనం. నేను రిజిస్టరు తెరిచాను. కరెంటు పన్నెండు ముప్పావుకు గాని రాలేదు, వచ్చాక కూడా పెరుగుతూ తగ్గుతూ ఉంది. పండరి తెచ్చిన స్టెబిలైజరు దాన్ని కాస్త దారిలో పెట్టింది. మొదటి మనిషి, పచ్చలైటు. రెండో మనిషి, పచ్చలైటు. గట్టయ్య అనే పెద్దమనిషి నోట్లోంచి ముప్పై ఏళ్ల గార ఊడి పళ్లెంలో టకటకా పడుతుంటే వరసలో ఉన్నవాళ్లు మెడలు చాచి చూశారు. "ఓరి, నీకు ఇన్ని పళ్లున్నయా!" అని ఎవరో అన్నారు. పండరి మిషను పక్కన నిలబడి, తను బీము మోస్తున్నట్టు, కాళ్లు కొద్దిగా కదుపుతున్నాడు. నాకు చేతిలో పెన్ను ఆగడం లేదు. ఆరుగురయ్యారు!

ఏడో మనిషి సమ్మమ్మ. డెబ్బై దాటిన ముసలమ్మ. పడుకుంది, నోరు తెరిచింది, కొస పంటికి ఆనింది.

ఎర్రలైటు.

డాక్టరు గారు పెడలు వదిలి మళ్లీ నొక్కారు. ఎర్రలైటే. సమ్మమ్మ నోరు మూసి తల ఎత్తింది. "ఏందయ్యా, నా నోరు చూడంగనే బంద్ పెట్టిండ్రా?"

వరసంతా గొల్లుమంది. డాక్టరు గారు నవ్వలేదు. గడియారం చూశారు. ఒంటిగంట ఇరవై. వెనక ఇంకా ముప్పై అయిదు మంది. "పండరన్నా, చేత్తో తీస్త నేను. ఎంతమందికైతే అంతమందికి. నువ్వేం ఫికర్ పడకు" అన్నారు. ఆ మాట ఎంత మెత్తగా అన్నారో అంత గట్టిగా తగిలింది. పండరి కూడా గడియారం చూశాడు. రెండు గంటల బస్సు బడి ముందు నుంచే పోతుంది.

అతను డబ్బా మూత తీశాడు. ముక్కు పెట్టాడు. వాసన లేదు. ఓల్టేజి చూశాడు, సరిగ్గా ఉంది. గోరు మీద చుక్క వేసుకుని కొస ఆనించాడు. చుక్క కదలలేదు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. పండరి దాని వంకే చూస్తున్నాడు.

"సార్" అన్నాడు మెల్లగా. "ఇది ఎతుకుతాంది."

"ఎతికితే ఏందన్నా, దొరకట్లేదు గద."

"ఎతుకుతాందంటే బోర్డు బతికే ఉన్నది సార్. బోర్డు తప్పు కాదు. ఎనకటోడు అడుగెయ్యట్లేడు. ఎవడో వాని కాలు పట్టుకున్నడు."

అంటూ పనిముట్టు మీద వేళ్లు జరిపాడు, పడుగులో తెగిన పోగు కోసం తడిమినట్టు. మెడ దగ్గర ఆగాడు. పైన చుట్టిన పలుచటి ప్లాస్టిక్ కవరు, ఒక్కో రోగికి డాక్టరు గారు కొత్తది మారుస్తున్నది, ఊడదీశాడు. దాని కింద నూలు నానిపోయి ఉంది. ఆరు నోళ్ల నీళ్లు లోపలికి దిగాయి. నానిన నూలు బిగిసింది. బిగిసిన నూలు, నేను చిట్లగొట్టిన తొడుగును లోపలికి నొక్కి, ఊగాల్సిన కడ్డీ మెడను పీక పట్టినట్టు పట్టుకుంది. బోర్డు ఎంత వెతికినా ఏం లాభం? ఊగే వేగం ఉంటే కదా దొరకడానికి.

పండరి ముఖంలో ముందు సిగ్గు కనపడింది. "నూలు తడిస్తే బిగుస్తదని మా ఇండ్లల్ల పాలు తాగే పిల్లలకు గూడ ఎరుకే" అన్నాడు తనతో తనే. కొరికింది నేను, మెచ్చుకున్నది నేను. రిజిస్టరులో తల దాచుకున్నాను.

ముడి నాని రాయిలా ఉంది, చేతికి రావడం లేదు. "కత్తెరున్నదా?" అని డాక్టరు గారు నర్సును అడుగుతున్నారు. నర్సు సంచీ వెతుకుతోంది. పండరి ఆగలేదు. పనిముట్టు ఎత్తి, నానిన ముడిని ముందు పళ్ల గంటులో పెట్టి, పుటుక్కున కొరికేశాడు.

"అన్నా!" డాక్టరు గారు బడంతా ఉలిక్కిపడేలా అరిచారు. "నిన్ననే చెప్పిన పళ్లతోని కొరకద్దని! అది రోగుల నోళ్లల్ల పెట్టేది!"

ఈసారి వినపడింది. కాని పండరికి తీరిక లేదు. నూలు విప్పాడు, తొడుగు ముక్కలు తీసేశాడు, గోరు మీద చుక్క వేసుకున్నాడు, పెడలు నొక్కాడు. ఎర్ర. ఎర్ర.

పచ్చ!

చుక్క లేచిపోయింది. తుంపర సమ్మమ్మ ముఖం మీద పడింది. "ఓయమ్మో, వాన!" అంది సమ్మమ్మ. వరసంతా ఈలలు. నేను లేచి చప్పట్లు కొట్టబోయి, పద్మ మాట గుర్తొచ్చి, వరండా దిగి బయట నిలబడి కొట్టాను.

డాక్టరు గారు పనిముట్టును స్పిరిటుతో నాలుగుసార్లు కడిగి, మరిగించి, చేతి గ్లౌజు వేలు ఒకటి కత్తిరించి తొడుగు బదులు మెత్తగా ఎక్కించారు. రబ్బరు పట్టుకుంటుంది కాని పీక నొక్కదు. రెండు గంటలకు బస్సు బడి ముందు ఆగి హారను కొట్టింది. పండరి అటు చూడలేదు. అతనికి వినపడలేదేమో అనుకున్నాను. అప్పుడే ఎర్రలైటు ఒక్కసారి మిణుకుమంది, అతను స్క్రూను వెంట్రుకవాసి తిప్పాడు, పచ్చగా నిలిచింది.

నలభై రెండు మంది! మధ్యాహ్నం అన్నం మిషను పక్కనే నిలబడి తిన్నాం. నాలుగు ముప్పావుకు చివరి మనిషి పేరు రాసి, రిజిస్టరు మూసి, నలభై మూడోవాడిగా నేను కుర్చీ ఎక్కాను. పదిరోజుల తర్వాత నా కింది వరసకు మోక్షం. నేను నోరు తెరుచుకుని ఉండగా, నా రిజిస్టరు మీద పెట్టిన పండరి ఫోను వణకడం మొదలుపెట్టింది. కళ్లు వంచితే కనిపించింది, "యాకయ్య బావ". వణికింది, ఆగింది, మళ్లీ వణికింది. "ఆ... ఆ..." అన్నాను ఫోను వైపు కళ్లు తిప్పుతూ. పండరికి నా భాష వచ్చు కదా. వచ్చి ఫోను అందుకుని, చూసి, బోర్లా తిప్పి పెట్టాడు. మళ్లీ పచ్చలైటు దగ్గరికి వెళ్లిపోయాడు.

తిరుగు దారిలో ఒకచోట కారు ఆపి డాక్టరు గారు వెనక్కి తిరిగి, పెదాలు బాగా కనపడేలా చెప్పారు. "అన్నా, మన దగ్గరి పళ్ల డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల నీ ఫోటో పెట్టిన. ఎనిమిది మంది అప్పుడే అడిగిండ్రు. అందరి స్టోర్‌రూముల్ల ఒక్కొక్కటి సచ్చిన మిషిన్ ఉన్నదట. రేపటి సంది తెస్తరు. ఒక్కటే షరతు, నూలు కట్టద్దు."

"కట్ట సార్."

"కొరకద్దు."

పండరి కిటికీ బయట చూశాడు.

కొత్తవాడ చేరేసరికి దీపాలు పెట్టారు. నేను కూడా దిగాను, కొత్త పళ్లతో పద్మకు ఒక నవ్వు చూపించాలని. గుమ్మంలో పద్మ ఉంది. ఆమె ముందు, మెట్టు మీద, చేతిలో ఫోను పట్టుకుని యాకయ్య నిలబడి ఉన్నాడు. పండరి డబ్బా దించకముందే మొదలుపెట్టాడు.

"ఓనరు ముందట నా ఇజ్జత్ తీసినవు గద! అయిదు నుంచి ఆరు దాంక గేటు కాడ నిలబడ్డ. పదకొండు సార్లు ఫోన్ కొట్టిన. ఒక్కసారన్న ఇనపడలేదా నీకు?"

పండరి డబ్బాను గుండెల మీదికి సర్దుకుని, లోపల బల్ల ఉన్న గదిలోకి ఒక అడుగు వేసి, తిరిగి చూశాడు.

"అన్ని ఇనపడ్డయి బావా, పనిల ఉన్న."